గడ పట్టుకుని దూకడం నేర్పడం కూడా ఒక ఉద్యోగమేనా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అమ్మాయి ఒహాయోలో డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. నాలుగేళ్ళుగా కాలేజీ జట్టులో పోల్ వాల్ట్ చేస్తోంది, అంటే పొడవాటి గడ ఊతంగా లేచి ఎత్తున పెట్టిన అడ్డ బార్‌ని దాటే ఆట. ఇప్పుడు మాస్టర్స్ మాట పక్కన పెట్టి, కాలేజీలో పోల్ వాల్ట్ కోచ్ అవుతానంటోంది. మీ వారేమో "గడ పట్టుకుని దూకడం నేర్పడం కూడా ఒక ఉద్యోగమేనా" అన్నారు. వాళ్ళ కోచ్ ముప్ఫై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడట. అంతకాలం వీళ్ళు రోజూ ఏం చేస్తారు, ఎలా బతుకుతారు, చివరికి ఏం మిగులుతుంది అని అడిగారు.

నేను 1993లో ఎమ్మెస్ చదవడానికి కాన్సస్ వచ్చాను. సివిల్ ఇంజనీరుని. పగలు రోడ్ల శాఖలో ఉద్యోగం, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా కాలేజీ మైదానంలో పోల్ వాల్ట్ పిల్లల దగ్గర. అలా ఇరవై తొమ్మిదేళ్ళు గడిచాయి. అందులో ఎక్కువ కాలం ఒకే పెద్దాయన కింద అసిస్టెంటుగా, జీతం లేకుండా చేశాను. ఆయన 1981లో మొదలుపెట్టి 2017లో రిటైరయ్యాడు. పేరు రాయడం ఆయనకి ఇష్టం ఉండదు కాబట్టి కోచ్ అనే అంటాను. మీరు అడిగిన ముప్ఫై ఏళ్ళ జీవితం నేను దగ్గరుండి చూసింది ఆయనదే.

నేను బాపట్ల దగ్గర పల్లెటూరి బడిలో వెదురుగడతో ఇసుకలో దూకినవాణ్ణి. కింద పరుపు ఉండదు, రంపపు పొట్టు పోస్తే అదే గొప్ప. వెదురు వంగదు, మనమే ఊపు మీద పైకి వెళ్ళాలి. ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో ఒక సాయంత్రం లైబ్రరీ నుంచి గదికి పోతూ, ఒక కుర్రాడు ఫైబర్ గ్లాస్ పోల్‌తో దూకడం చూశాను. గడ విల్లులా వంగి, ఒక క్షణం అలాగే ఉండి, మళ్ళీ నిటారుగా లేస్తూ వాణ్ణి ఎత్తి అవతల వేసింది. నేను పుస్తకాల సంచితో అక్కడే నిలబడిపోయాను. కంచె అవతల మడత స్టూలు మీద కూర్చున్న మనిషి నా వైపు తిరిగి, "నువ్వు దూకావా ఎప్పుడైనా?" అని అడిగాడు. చూసే తీరులోనే ఆయనకి తెలిసిపోయిందట. మర్నాటి నుంచి పోల్స్ మోశాను.

ఇక అసలు విషయం. రోజూ ఏం చేస్తారని అడిగారు కదా, ఈ పనంతా ఒక్క నిర్ణయం చుట్టూ తిరుగుతుంది. ఈ పిల్లకి తర్వాతి పోల్ ఇవాళ ఇవ్వాలా, ఇంకో వారం ఆగాలా? పరుగు నేర్పడం, కసరత్తు చేయించడం, వీడియోలు చూపించడం, తిండీ నిద్రా అడగడం, అన్నీ ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోవడం కోసమే.

కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే మీ అమ్మాయి దేన్ని ఇష్టపడుతోందో మీకు అర్థం కాదు. పోల్ అంటే ఏదో ఒక గడ అనుకుంటారు చాలామంది. మా స్టోర్ రూములో డెబ్బైకి పైగా ఉండేవి. ఒక్కోదాని మీదా పొడవు, అది ఎంత బరువు మనిషికి పనికొస్తుందో ఆ అంకె, ఫ్లెక్స్ నంబరు రాసి ఉంటాయి. పోల్‌ని రెండు చివర్లా ఆనించి మధ్యలో 50 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. ఎన్ని సెంటీమీటర్లు కిందికి వంగిందో అదే ఫ్లెక్స్. ఒకే పొడవున్న రెండు పోల్స్‌లో 15.6 వంగేదానికంటే 15.2 వంగేది గట్టిది.

పిల్ల పరుగు వేగం పెరిగిందనుకోండి, పాత పోల్ ఆమెకి మెత్తనైపోతుంది. మరీ వంగిపోయి, పైకి ఎత్తాల్సింది పోయి ముందుకి విసిరేస్తుంది. మేం దీన్ని బ్లో త్రూ అంటాం. పరుపు వెనక అంచు దాకా పోయి పడతారు. అప్పుడు గట్టి పోల్‌కి మార్చాలి. అదే తొందరపడి మార్చామో, పోల్ నిటారుగా నిలబడదు. సగంలో ఆగిపోయి మనిషిని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. అక్కడ కింద ఉండేది పోల్ చివర ఆనించే 20 సెంటీమీటర్ల లోతున్న గట్టి పెట్టె, దాని వెనక పరిగెత్తి వచ్చే రన్‌వే. మెత్తనైపోయిన పోల్‌కీ మరీ గట్టి పోల్‌కీ మధ్య తేడా ఒక్కోసారి అర సెంటీమీటరు ఫ్లెక్స్ కూడా ఉండదు.

హైస్కూల్లో ఒక రూలు ఉంది. పోల్ మీద రాసిన బరువు పిల్లల బరువుకంటే తక్కువ ఉండకూడదు. కాలేజీకి వచ్చాక ఆ రూలు లేదు. పూచీ మొత్తం కోచ్‌దే.

మా కోచ్ ఆ నిర్ణయం ఎలా తీసుకునేవాడో చెప్తాను. పోల్ ఆనించే పెట్టె నుంచి వెనక్కి కొలిస్తే, ఆఖరి ఆరు అంగలు ఎక్కడ మొదలవుతాయో అక్కడ రన్‌వే పక్కన సుద్దతో ఒక గీత గీస్తాం. దాన్ని మిడ్ మార్క్ అంటారు. 5 మీటర్ల పైన దూకే కుర్రాడికి అది పెట్టె నుంచి సుమారు 16 మీటర్ల దూరంలో ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ బార్ వైపు చూస్తారు. ఆయన బార్ వైపు చూసేవాడే కాదు. స్టూలు ఆ గీతకి ఎదురుగా వేసుకుని, పిల్లవాడి కాలు గీత మీద పడిందా, ముందు పడిందా, వెనక పడిందా అని చూసేవాడు. ఆ తర్వాత తల తిప్పి, గాల్లోకి లేచే కాలు పై చేతికి సరిగ్గా కింద ఉందా లేదా అని చూసేవాడు. అంతే. బార్ పడిందో నిలిచిందో శబ్దాన్ని బట్టి తెలుసుకునేవాడు.

తర్వాత నోట్‌బుక్. స్పైరల్ బైండింగ్ ఉన్న చిన్న పుస్తకం, తీగకి దారంతో కట్టిన పెన్సిలు. వానలో పెన్ను పనికిరాదనేవాడు. ప్రతి దూకుడికీ ఒక వరుస రాసేవాడు. ఒక వరుస నాకు ఇంకా గుర్తుంది: "ఏప్రిల్ 9. ఎదురుగాలి. ఏడు ఎడమలు. మిడ్ 52-4. గ్రిప్ 15-2. పోల్ 15-7, 170. స్టాండర్డ్స్ 65. అర అడుగు లోపల. చేతులు ఆలస్యం. పోల్ మార్చలేదు." ఏడు ఎడమలంటే పరుగులో ఎడమ కాలు ఏడుసార్లు పడిందని. 52-4 లాంటివి అడుగులు, అంగుళాలు; 170 పోల్ మీద రాసిన బరువు, పౌండ్లలో. గ్రిప్ అంటే పోల్ మీద పై చెయ్యి పట్టుకున్న ఎత్తు. స్టాండర్డ్స్ అంటే బార్‌ని నిలబెట్టే స్తంభాలు, పెట్టె నుంచి 65 సెంటీమీటర్లు వెనక్కి జరిపారని. లోపల అంటే లేవాల్సిన చోటుకంటే పెట్టెకి దగ్గరగా వచ్చి లేచాడని. అలా లేస్తే భుజాలు వెనక్కి గుంజేస్తాయి. ఆఖరి మాట చూడండి. పోల్ మార్చలేదు. ఆ కుర్రాడు ఆ రోజు మార్చమని మూడుసార్లు అడిగాడు. ముప్ఫై ఆరేళ్ళలో ఆ పుస్తకాలు ఎన్ని నిండాయో. ఆయన ఆఫీసులో ఒక గోడ షెల్ఫంతా అవే. ట్రోఫీలు కింద అట్టపెట్టెల్లో ఉండేవి.

ఆ నిర్ణయం తప్పితే ఏమవుతుందో కూడా మీకు చెప్పాలి. తప్పింది నేనే. 2004 మే నెలలో కాన్ఫరెన్స్ మీట్, అంటే మా కూటమిలోని కాలేజీల మధ్య పోటీలు. ఆడపిల్లల పోటీ ఒక పిట్ (పరుపు వేసి దూకే చోటు) దగ్గర, మగపిల్లల పోటీ ఇంకో పిట్ దగ్గర ఒకేసారి నడుస్తున్నాయి. కోచ్ అటు, నేను ఇటు. మా కుర్రాడు 4.95 మీటర్లు సునాయాసంగా దాటాడు. నాకు చాలా సంతోషమేసింది. తర్వాతి బార్ 5.10. "సార్, పెద్ద పోల్ తీసుకోనా?" అన్నాడు. తీసుకో అన్నాను. 4.95 దూకినప్పుడు గాలి వెనకనుంచి ఉంది. 5.10కి వాడి వంతు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, ఈలోగా గాలి తిరిగింది. నేను చూడలేదు. ఎదురుగాలిలో పరుగు మందగిస్తుంది, పరుగు మందగిస్తే ఉన్న పోలే గట్టిదవుతుంది. అలాంటప్పుడు నేను ఇంకా గట్టిది ఇచ్చాను. సగంలో ఆగిపోయాడు. వెనక్కి వచ్చి పెట్టె అంచు మీద మడమతో పడ్డాడు. మడమ ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. నడక బాగానే వచ్చింది గానీ మళ్ళీ పోల్ పట్టుకోలేదు.

ఆ రాత్రి ఆస్పత్రి నుంచి వెనక్కి వస్తుంటే కారులో కోచ్ నన్ను ఒక్క ప్రశ్న అడిగాడు. "గాలి ఎటు ఉంది?" నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇంకేమీ అనలేదు. సోమవారం నేను వెళ్ళేసరికి స్టాండర్డ్స్‌కి చెరొక ఎర్ర రిబ్బను ముక్క కట్టి ఉంది. అప్పటి నుంచి మా దగ్గర ఎవరు పోల్ మార్చమన్నా ముందు రిబ్బను వైపు చూడాలి, చూశానని నోటితో చెప్పాలి. ఆ కుర్రాడు ఇప్పటికీ క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు. అది వచ్చిన రోజు నాకు అన్నం సహించదు.

ఇంతకంటే ఘోరాలూ జరిగాయి. 2002 ఫిబ్రవరి 23న మినియాపొలిస్‌లో బిగ్ టెన్ అనే కాలేజీల కూటమి ఇండోర్ పోటీల్లో పెన్ స్టేట్ యూనివర్సిటీ కుర్రాడు కెవిన్ డేర్ తలకిందులుగా పెట్టెలో పడి చనిపోయాడు. పంతొమ్మిదేళ్ళు. ఆ వార్త వచ్చిన సాయంత్రం మా కోచ్ ప్రాక్టీసు ఆపేశాడు. మర్నాడు టేపు తెచ్చి పరుపు నాలుగు వైపులా కొలిచాడు, కొత్త పరుపు కొనేదాకా కోర్టుకైనా వెళ్తానని కాలేజీ క్రీడల డైరెక్టరుతో చెప్పి వచ్చాడు. 2003 నుంచి పరుపు కనీస కొలతలు పెంచుతూ రూల్స్ మారాయి. పెట్టె చుట్టూ మెత్తని కాలర్ వేయడం తర్వాత వచ్చింది. మీ అమ్మాయి దూకే పిట్ ఇవాళ అంత వెడల్పుగా ఉందంటే 2002లో పోయిన పిల్లల వల్ల. భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళకి ఇది ముందే తెలిసి ఉండాలి, తెలిశాక కూడా చేస్తాననాలి.

ఏడాది ఎలా నడుస్తుందంటే, ఆగస్టు చివర్లో పిల్లలు వస్తారు. రెండు నెలలు పొట్టి పరుగులు, తాడు పట్టుకుని ఊగడం, హై బార్, బార్ బదులు సాగే తాడు కట్టి దూకించడం. జనవరి నుంచి మార్చి దాకా ఇండోర్, ఆ తర్వాత జూన్ దాకా అవుట్‌డోర్. మధ్యలో వచ్చే ఏడాది కోసం హైస్కూలు పిల్లల్ని వెతకడం. జూన్, జూలైల్లో క్యాంపులు, చాలామంది కోచ్‌లకి ఇల్లు గడిచేది ఆ క్యాంపు డబ్బుతోనే. జనవరిలో నెవాడాలోని రీనోలో పోల్ వాల్ట్ సమ్మిట్ జరుగుతుంది. దేశం నలుమూలల నుంచి వాల్టర్లూ కోచ్‌లూ ఒకచోట చేరతారు. మిగతా ఏడాదంతా ఈ ఆట గురించి మాట్లాడేవాళ్ళు దొరకని మనిషికి అది తిరునాళ్ళే.

ప్రయాణాల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కోచ్ వయసు అక్కడే కరిగిపోతుంది. 5 మీటర్ల గడలు కారులో పట్టవు, వ్యాను టాపు మీద కట్టాలి. ప్రతి వంద మైళ్ళకీ దిగి తాళ్ళు చూడాలి. విమానమైతే ఎక్కించుకుంటారో లేదో కౌంటరు దగ్గరికి వెళ్ళేదాకా తెలియదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో బ్రెజిల్ అమ్మాయి ఫాబియానా మురేర్ పోల్ ఒకటి నిర్వాహకుల దగ్గరే కనబడకుండా పోయింది. నాలుగేళ్ళ కష్టం, ఆ సమయానికి కావలసిన గడ లేదు. ఒలింపిక్స్‌లోనే అలా జరిగితే మామూలు మీట్ సంగతి చెప్పాలా. అందుకే మా కోచ్ ఎంత అలసిపోయినా పోల్స్ సంచీ వేరేవాళ్ళని కట్టనిచ్చేవాడు కాదు. మన దగ్గర ఇంకా కష్టం. నేను యూనివర్సిటీ మీట్‌కి వెళ్ళేటప్పుడు రైల్లో గడ తీసుకెళ్ళడానికి పడిన పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ వారు అడగడంలో తప్పు లేదు. మొదట్లో పొట్ట నిండదు. చాలామంది గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా మొదలుపెడతారు. ఫీజు మాఫీ అవుతుంది, చేతికి కొద్దిగా వస్తుంది. నాలాంటివాళ్ళు వాలంటీర్ కోచ్ అనే పేరుతో ఉండేవాళ్ళు. 2023 జులైలో ఎన్‌సీఏఏ, అంటే అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ, ఆ వాలంటీర్ వర్గాన్నే తీసేసింది, దాంతో నాకు ఇన్నేళ్ళ తర్వాత చిన్న జీతం మొదలైంది. ఒక్క పోల్ వాల్ట్ మాత్రమే నేర్పే కోచ్‌ని పూర్తి జీతంతో పెట్టుకునే కాలేజీలు కొన్నే. మిగతాచోట్ల లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్, హెప్టాథ్లాన్ (ఏడు అంశాల పోటీ) కూడా చూసుకోవాలి, బస్సు బుక్ చేయాలి, మీట్ రోజున స్కోరు బల్ల దగ్గరా కూర్చోవాలి.

స్కాలర్‌షిప్ లెక్క కూడా తెలుసుకోండి. చాలా ఏళ్ళపాటు కాలేజీ పోటీల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో మగవాళ్ళ జట్టు మొత్తానికి 12.6, ఆడవాళ్ళ జట్టుకి 18 పూర్తి స్కాలర్‌షిప్‌లే ఉండేవి. పరుగు, దూకుడు, విసురు అన్నీ కలిపి. అందులో వాల్ట్ కోచ్‌కి దక్కేది ముక్కలే. కాన్ఫరెన్స్ మీట్‌లో మొదటి స్థానానికి 10 పాయింట్లు, రెండుకి 8, అలా ఎనిమిదో స్థానానికి 1. హెడ్ కోచ్ బల్ల దగ్గర ఆ పాయింట్లు కూడుకుంటూ ఉంటాడు. ముగ్గురు వాల్టర్లు పాయింట్లు తెస్తే మన ఉద్యోగం నిలుస్తుంది. 2025 నుంచి లెక్కలు మారాయి. కాలేజీ ఆటగాళ్ళు వేసిన కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌లకి బదులు జట్టులో ఎంతమంది ఉండాలన్నదానికి పరిమితి పెట్టారు. కొన్ని కాలేజీలు అథ్లెటిక్స్ జట్లనే ఎత్తేస్తున్నాయి కూడా. ఈ టెన్షన్ మీ అమ్మాయి తరానికి మా కంటే ఎక్కువే ఉంటుంది. దాచి లాభం లేదు.

ఇంటి సంగతి కూడా చెప్తాను. మా ఆవిడ మొదటి పదేళ్ళు శనివారాల్లో నా ముఖం చూడలేదు. మా పాప పుట్టినరోజు ఏప్రిల్లో. పదకొండు పుట్టినరోజులకి నేను ఏదో ఒక ట్రాక్ పక్కన ఉన్నాను. మా ఆవిడ ఒక్కసారి మాత్రం అడిగింది, "వాళ్ళ పిల్లల్ని పట్టుకోవడానికి ఉన్న ఓపిక మన పిల్ల మీద లేదా?" అని. ఆ తర్వాత నేను ఏప్రిల్లో ఒక వారాంతం తప్పకుండా ఇంట్లో ఉంటానని కోచ్‌కి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన మాత్రం అలా ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఆయన భార్య విడిపోయి వెళ్ళిపోయింది. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. మీ అమ్మాయి తెలుసుకోవాల్సిన వాటిలో ఇదీ ఒకటి అనిపించి రాస్తున్నాను.

చివరికి ఏం మిగులుతుందని అడిగారు. నా మాటకంటే అందరికీ తెలిసిన ఇద్దరు ముగ్గురి జీవితాలు చెప్పడం మేలు.

ఐడహో రాష్ట్రంలో పొకటెల్లో అనే చిన్న ఊరుంది. అక్కడి ఐడహో స్టేట్ యూనివర్సిటీలో డేవ్ నీల్సన్ కోచ్‌గా ఉండేవాడు. 1990ల మొదట్లో కాలిఫోర్నియా నుంచి స్టేసీ డ్రగీలా అనే అమ్మాయి హెప్టాథ్లాన్ కోసం ఆయన దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళకి అప్పటికి ఒలింపిక్స్‌లో పోల్ వాల్ట్ లేదు. ప్రపంచ పోటీల్లో లేదు. ఎన్‌సీఏఏలో లేదు. పాయింట్లు రావు, స్కాలర్‌షిప్ రాదు, పేరు రాదు. అయినా నీల్సన్ ఆమె చేతికి పోల్ ఇచ్చాడు. నాకు ఆయన మీద ఉన్న గౌరవమంతా ఆ ఒక్క పని మీదే. పోటీ లేని ఆటని, లేదని తెలిసీ, సాయంత్రాలు కూర్చుని నేర్పడం.

తర్వాత జరిగింది చరిత్ర. 1997లో పారిస్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి ప్రపంచ ఇండోర్ పోటీ పెట్టారు, ఆమె గెలిచింది. 1998లో ఎన్‌సీఏఏ ఆడవాళ్ళ పోల్ వాల్ట్ మొదలుపెట్టింది. 1999లో సెవిల్‌లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్, 4.60తో ఆమే. 2000 సిడ్నీలో మొదటి ఒలింపిక్ స్వర్ణం, మళ్ళీ 4.60తో ఆమే. 2001 ఏప్రిల్లో పొకటెల్లోలోనే 4.70 దాటి ప్రపంచ రికార్డు, జూన్‌లో పాలో ఆల్టోలో 4.81. ఒక చిన్న ఊరి కాలేజీ మైదానంలో ప్రపంచ రికార్డు పడిందంటే మాలాంటివాళ్ళకి ఎలా ఉంటుందో ఊహించుకోండి. సిడ్నీ ఫైనల్ మా కోచ్ ఇంట్లో టీవీలో చూశాం. ఆయన అప్పుడు కూడా బార్ చూడలేదు. ఆమె అంగలు లెక్కపెడుతున్నాడు.

ఇంకో వంశవృక్షం చెప్తాను. ఎర్ల్ బెల్ అని అర్కన్సా స్టేట్ వాల్టర్. 1976లో విచిటాలో 5.67 దూకి ప్రపంచ రికార్డు పెట్టాడు. 1984 లాస్ ఏంజెలెస్‌లో కాంస్యం. దూకడం ఆపాక జోన్స్‌బరోలో సొంత శిక్షణ కేంద్రం పెట్టాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో డెరెక్ మైల్స్ ఒకడు. మైల్స్ 2008 బీజింగ్‌లో నాలుగో స్థానంలో ఆగిపోయాడు. మూడో స్థానంలో వచ్చినవాడు తర్వాత డోపింగ్‌లో దొరికాడు, ఏళ్ళు గడిచాక ఆ కాంస్యం మైల్స్‌కి వచ్చింది. అప్పటికి మైల్స్ తాను చదివిన సౌత్ డకోటా యూనివర్సిటీలోనే కోచ్. అక్కడ ఆయన చేతి కింద పెరిగిన క్రిస్ నిల్సెన్, 2019లో ఆస్టిన్‌లో జరిగిన ఎన్‌సీఏఏ పోటీల్లో 5.95 దూకి, లూసియానా స్టేట్ తరఫున వచ్చిన స్వీడన్ వాల్టర్ మోండో డుప్లాంటిస్‌ని ఓడించాడు. అదే డుప్లాంటిస్ 2025లో టోక్యోలో 6.30 దూకి ప్రపంచ రికార్డు పెట్టాడు. నిల్సెన్ అంతకుముందే, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో డుప్లాంటిస్ వెనకే 5.97తో రజతం తెచ్చాడు.

బెల్ నుంచి మైల్స్, మైల్స్ నుంచి నిల్సెన్. మన సంగీతంలో ఎవరి శిష్యుడు ఎవరని చెప్పుకుంటాం చూడండి, అలాగే. ఈ విద్య పుస్తకాల్లో దొరకదు. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు పోల్ మార్చాలి అన్నది ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకోవాల్సిందే.

మా కోచ్‌కి ఒలింపియన్లు లేరు. కాన్ఫరెన్స్ ఛాంపియన్లు పద్నాలుగు మంది. రిటైరైన రోజున స్టోర్ రూములో చిన్న పార్టీ పెట్టాం. 1980ల నాటి వాళ్ళు, తలలు నెరిసినవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. కేకు కోశాక వాళ్ళు ట్రోఫీల దగ్గరికి పోలేదు. షెల్ఫు దగ్గరికి వెళ్ళి ఎవరి సంవత్సరం నోట్‌బుక్ వాళ్ళు తీసుకుని, తమ వరుసలు వెతుక్కున్నారు. ఒకావిడ, ఇప్పుడు నర్సుగా చేస్తోంది, తన పేరున్న పేజీలో "పోల్ మార్చలేదు" అని వరసగా ఆరుసార్లు ఉండడం చూసి కళ్ళు తుడుచుకుంది. "అప్పట్లో మీ మీద ఎంత కోపమొచ్చేదో" అంది. ఆయన ఆ పేజీ తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివి, "అప్పుడు నీ మోకాలు బాగాలేదు" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత కూడా గుర్తుంది.

ఇంకో విషయం. ఆడవాళ్ళ పోల్ వాల్ట్ ఎన్‌సీఏఏలోకి వచ్చింది 1998లోనే అని చెప్పాను కదా. అంటే కాలేజీలో దూకి, కోచ్ అయి, ఇప్పుడు అనుభవం పండిన ఆడవాళ్ళ మొదటి తరం నలభైల్లో ఉంది. వాళ్ళ సంఖ్య ఇంకా తక్కువ. నేను ఇరవై ఏళ్ళ అమ్మాయికి నడుము ఎలా తిప్పాలో చెప్పడం ఒక రకం, అదే నడుముతో దూకినావిడ చెప్పడం ఒక రకం. భయం వచ్చి పెట్టె దగ్గర ఆగిపోయే పిల్లలు ఉంటారు. రన్ త్రూ అంటాం. నెలల తరబడి పోదు. ఆ పిల్ల పక్కన కూర్చుని, నాకూ అలాగే వచ్చింది అని చెప్పగలిగే కోచ్ దొరకడం అదృష్టం. మీ అమ్మాయి సరైన కాలంలోనే వస్తోందని నా నమ్మకం.

ఏం చేయమంటారని అడిగారు కాబట్టి చెప్తున్నాను. మాస్టర్స్ మానొద్దు. కినిసియాలజీలోనో (శరీర కదలికల శాస్త్రం), స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లోనో చేరి, అదే కాలేజీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా అడగమనండి. రెండూ ఒకేసారి నడుస్తాయి, మీ వారికీ ఊరటగా ఉంటుంది. అమెరికా అథ్లెటిక్స్ సమాఖ్య వాళ్ళ కోచింగ్ కోర్సులు ఉన్నాయి, మొదటి లెవెల్ ఈ వేసవిలోనే పూర్తి చేయొచ్చు.

అంతకంటే ముందు ఒక పని. వచ్చే సీజన్‌లో ఒక నెల రోజులు తను దూకకుండా, వాళ్ళ కోచ్‌ని అడిగి మిడ్ మార్క్ దగ్గర నిలబడమనండి. చేతిలో నోట్‌బుక్, పెన్సిలు. మిగతావాళ్ళు దూకిన ప్రతిసారీ ఒక వరుస రాయాలి. గాలి, అంగలు, గ్రిప్, పోల్, లేచిన చోటు. పొద్దున్నే వెళ్ళి పిట్ మీద కవరు తీయాలి, వానలో తడిసిన పరుపు తుడవాలి, ఆఖర్న పోల్స్ లెక్కపెట్టి లోపల పెట్టాలి. కోచ్ పోల్ మార్చినప్పుడల్లా ఎందుకు మార్చారని అడగాలి, మార్చనప్పుడు ఇంకా గట్టిగా అడగాలి.

నెల అయ్యాక ఆ నోట్‌బుక్‌తో తను ఏమంటుందో చూడండి. ఇంకా కావాలంటే ఇక్కడే రాయమనండి. కాన్సస్, నెబ్రాస్కా చుట్టుపక్కల ఏ కాలేజీల్లో ఈ ఏడాది అసిస్టెంట్లని తీసుకుంటున్నారో కనుక్కుని చెప్తాను. రిబ్బను సంగతి మాత్రం మొదటి రోజే చెప్పండి.